జనం ఉన్న కొట్టు ఎందుకు మూతపడుతుంది?

మీరు మూడు విషయాలు అడిగారు. మీ వీధి చివర కిరాణా కొట్టు ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు, ఎప్పుడు చూసినా నలుగురు నిలబడి ఉండే కొట్టు నష్టపోవడం ఏంటి? వీధిలో వాళ్లమంతా కలిసి దాన్ని నిలబెట్టగలమా? అది కుదరకపోతే గడప దాటలేని పెద్దవాళ్ల సంగతేంటి? నేను 26 ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను. నా కొట్టుకి నేనే తాళం వేశాను. ఆ తర్వాత చిన్న కొట్లవాళ్లకి లెక్కలు చూసిపెడుతూ, మూతపడేవి ఇంకొన్ని దగ్గరుండి చూశాను. ఓదార్పు మాటలు మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను లెక్క చెప్తాను.

ముందు ఆ "నలుగురు" సంగతి. వాళ్లు ఏం కొంటున్నారో ఎప్పుడైనా చూశారా? కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకి మనుషులు కనిపిస్తారు, ఇవతల ఉన్నవాడికి సంచులు కనిపిస్తాయి. నా కొట్టు చివరి మూడేళ్లలో వచ్చే మనుషులు పెద్దగా తగ్గలేదు. సంచి తగ్గింది. నెల సరుకుల చీటీ తెచ్చేవాళ్లు చీటీ మానేశారు. బల్బు పోయిందనో, అగ్గిపెట్టె అయిపోయిందనో రావడం మొదలుపెట్టారు. నెల సరుకు పెద్ద షాపు నుంచో, ఫోన్లో పెట్టిన ఆర్డరు మీదో ఇంటికి చేరుతోంది. అందులో మర్చిపోయింది మాత్రం నా దగ్గరికి. పలకరింపు మారలేదు, నవ్వు మారలేదు, "మీరు లేకపోతే మాకెలాగండీ" అనడం కూడా మానలేదు. అందుకే నాక్కూడా చాలాకాలం అర్థం కాలేదు. సాయంత్రం గల్లా లెక్కపెట్టేటప్పుడు, ఇంతమంది వచ్చారు కదా ఇదేంటి అని రెండోసారి లెక్కపెట్టిన రోజులున్నాయి.

ఒక లెక్క చూడండి. ఇవి ఏ కొట్టువీ కావు, అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. నెలకి 100 అమ్మే కొట్టు అనుకుందాం. అందులో 85 సరుకు కొన్న ధర. మిగిలిన 15లోంచి అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, మరమ్మతులు, లైసెన్సులు అన్నీ కలిపి 11 పోతాయి. యజమాని చేతికి 4 వస్తుంది. ఇప్పుడు అమ్మకం ఐదో వంతు తగ్గి 80కి దిగింది. అదే మార్జిన్ మీద, అంటే నూటికి 15 చొప్పున, మిగిలేది 12. అద్దె తగ్గదు, కరెంటు తగ్గదు, ఆ 11 అలాగే కూర్చుంటుంది. చేతికి వచ్చేది 1. అంటే బేరం పోయింది ఐదో వంతే, ఇంటికి పట్టుకెళ్లేది మాత్రం నాలుగింట మూడు వంతులు ఎగిరిపోయింది. బయటి నుంచి చూసేవాళ్లకి ఈ తేడా కంటికి ఆనదు. ఐదు సంచుల్లో ఒకటి తగ్గిందని దారినపోయేవాళ్లు ఎవరు లెక్కపెడతారు?

పెద్ద సూపర్‌మార్కెట్లకి మాత్రం ఏదో కుప్పలుగా మిగులుతుందని అనుకోకండి. ఈ వ్యాపారంలో అన్ని ఖర్చులూ పోగా మిగిలే నికర లాభం మామూలుగా అమ్మకాల్లో 1 నుంచి 3 శాతం మధ్యే ఉంటుంది. వాళ్లు ఆ కాస్తని లక్షల సంచుల మీద ఏరుకుంటారు. మనం వందల సంచుల మీద ఏరుకోవాలి, అంతే తేడా.

తర్వాత జరిగేది ఇంకా చెడ్డది, కాకపోతే మెల్లగా జరుగుతుంది. చేతిలో డబ్బు ఆడదు కాబట్టి సరుకు తక్కువ తెస్తారు. తక్కువ తెచ్చేవాడికి డిస్ట్రిబ్యూటర్ రేటు తగ్గించడు. కొన్నాళ్లకి "మీ ఆర్డరుకి మా బండి డీజిల్ కూడా రావట్లేదండీ" అని, వారానికోసారి వచ్చే బండి రెండు వారాలకోసారి వస్తుంది. పాత బాకీ తీర్చితే గానీ కొత్త సరుకు దించనంటాడు. అరలు ఖాళీ అవుతాయి. ఖాళీ అర చూస్తే కొనేవాళ్లకి అనుమానం, ఇక్కడ ఉన్న సరుకు ఎప్పటిదో ఏమో అని. అందుకని కొట్టువాళ్లు ఒక పని చేస్తారు. నేనూ చేశాను. అరలో ఉన్నవాటన్నిటినీ అంచుకి లాగి ఒకే వరసలో నిలబెడతాం. ఎదురుగా చూస్తే నిండుగా ఉంటుంది. మీరు ఒక డబ్బా తీయగానే వెనక చెక్క కనిపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు అర లోపలికి చెయ్యి పెట్టి చూడండి. రెండో వరస లేకపోతే, మూసేయాలన్న నిర్ణయం ఈ నెల తీసుకున్నది కాదని అర్థం. అది ఏడాది కిందటే తీసుకుని ఉంటారు, బయటికి చెప్పడం ఇప్పుడు చెప్పారు.

ఇంకో సంగతి. చిన్న కొట్టంటే మనకి ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ముంచేది కూడా అక్కడి నుంచే వస్తుంది. నా దగ్గర ఒక పాతకాలం షేవింగ్ సబ్బు ఉండేది. గుండ్రటి బిళ్ల, మైనం కాగితం చుట్టి వచ్చేది. కొనేది ఒక్కరే, రిటైరైన మాస్టారు ఒకాయన. రెండు నెలలకో బిళ్ల. డిస్ట్రిబ్యూటర్ డజను కంటే తక్కువ ఇవ్వడు. అంటే ఒక్క మనిషి కోసం రెండేళ్ల సరుకు నా అరలో కూర్చుని ఉండేది. పెద్ద షాపులో అయితే కంప్యూటర్ దాన్ని మూడో నెలలోనే లిస్టులోంచి తీసేస్తుంది. నేను ఉంచాను. మాస్టారు ఒక్కరే అయితే ఫర్వాలేదు. ఒకరికి ఫలానా కంపెనీ ఇంకు, ఇంకొకరికి ఫలానా సైజు బ్యాటరీ, ఒకావిడకి వాసన లేని బట్టల సబ్బు. మూసేటప్పుడు స్టాకు లెక్క రాస్తే, ఇలా ఒకరిద్దరి కోసమే తెచ్చిపెట్టినవి వందకు పైగా రకాలు తేలాయి. కదలని సరుకంటే అరలో పెట్టిన డబ్బే. అది వడ్డీ తింటుంది గానీ పెట్టదు. "ఆయన దగ్గర ఏదడిగినా దొరుకుతుంది" అని వీధిలో నాకు వచ్చిన పేరు నా పెట్టుబడి పెట్టి కొనుక్కున్నదే.

అరువు సంగతీ ఇంతే. పద్దు పుస్తకంలో ఉన్నదంతా కాగితం మీద నా ఆస్తి. డిస్ట్రిబ్యూటర్‌కి కట్టడానికి మాత్రం కాగితం పనికిరాదు.

సరుకు కొనే రేటు గురించి కూడా కాస్త చెప్తాను, ఎందుకంటే "ఆయన రేట్లు తగ్గించుకుని ఉంటే సరిపోయేది కదా" అని మీ ప్రశ్నలో ఒక మాట అన్నారు. ఇది కొత్త గొడవ కాదు. 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అనే కొట్టు పెట్టి, కొనేవాళ్లే బుట్ట పట్టుకుని అరల మధ్య తిరిగి సరుకు తీసుకునే పద్ధతి మొదలుపెట్టాడు. అంతకుముందు మామూలుగా చీటీ ఇస్తే గుమాస్తా తీసి ఇచ్చేవాడు. 1930లో న్యూయార్క్ క్వీన్స్‌లో మైకేల్ కలన్ ఒక ఖాళీ గరాజు తీసుకుని, కుప్పలుగా సరుకు పోసి తక్కువ లాభానికి అమ్మే కింగ్ కలన్ తెరిచాడు. ఒకే పేరుతో చాలాచోట్ల నడిచే ఈ గొలుసు షాపులకి తయారీదారులు తక్కువ రేటుకి ఇస్తున్నారు, మాకు ఎక్కువకి ఇస్తున్నారు అని చిన్న కొట్లవాళ్లు గోల పెడితే, 1936లో రాబిన్సన్-పాట్‌మన్ చట్టం వచ్చింది. ఒకే సరుకుని పోటీలో ఉన్న ఇద్దరికి రెండు రేట్లకి అమ్మి పోటీని దెబ్బతీయకూడదని దాని సారాంశం. చట్టం ఇప్పటికీ ఉంది. కానీ 1980ల నుంచి అక్కడి ప్రభుత్వం దాన్ని అమలు చేయడం దాదాపు మానేసింది, 2024 చివర్లో మళ్లీ ఒక కేసు వేసేదాకా. దాదాపు తొంభై ఏళ్లయినా తేలని పంచాయితీ ఇది. నా అనుభవంలో చాలాసార్లు ఇలా జరిగింది: పెద్ద షాపువాళ్లు ఆఫర్‌లో అమ్ముతున్న ధర, నాకు డిస్ట్రిబ్యూటర్ వేసిన ధర కంటే తక్కువ. ఒకటి రెండుసార్లు నేనే సంచి తీసుకుని వెళ్లి అక్కడ కొనుక్కొచ్చి నా అరలో పెట్టుకున్నాను. నవ్వొస్తుంది ఇప్పుడు తల్చుకుంటే. మీ కొట్టాయన ఎక్కడి నుంచి తగ్గిస్తాడు చెప్పండి?

ఇవి కాక యజమాని సొంత కారణాలు ఉంటాయి. పిల్లలు ఈ పనిలోకి రారు, అందులో తప్పు పట్టడానికి ఏం లేదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పండగ లేదు పబ్బం లేదు. అద్దె ఒప్పందం గడువు అయిపోతుంది, కొత్తది రాయాలంటే ఇంకో ఐదేళ్లకి మాట ఇవ్వాలి, అరవై దాటినవాడు అంత మాట ఇవ్వలేడు. చాలా కొట్లలో చివరి దెబ్బ మాత్రం ఫ్రిజ్‌దే. కంప్రెసర్ పోతుంది. కొత్తది పెట్టాలంటే ఏడాది సంపాదన కావాలి. ఆ రాత్రి లెక్క వేసుకుని పడుకుంటారు, పొద్దున్నే ఇంట్లోవాళ్లతో చెప్తారు. మీ కొట్టాయన్ని అడగకండి గానీ, ఇలాంటిదేదో ఉండే ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, నిలబెట్టగలమా అని. సంతకాలు సేకరిస్తున్నామని రాశారు. ఆపేయండి. సంతకం పెట్టడానికి ఖర్చు లేదు కాబట్టి అందరూ పెడతారు, దాన్ని చూసి మీరు మోసపోతారు. దాని బదులు ప్రతి ఇంటికీ వెళ్లి, నెలకి ఎంత సరుకు ఇక్కడే కొంటారో ఒక కాగితం మీద రాయించండి. వచ్చిన మొత్తాన్ని సగం చేయండి. మొహమాటానికి రాసింది, తర్వాత మర్చిపోయేది కలిపితే సగం పోతుందని నా అనుభవం. ఆ సగంతో కొట్టు నడుస్తుందా అని చూడాలి. లెక్క తేలికే. నెలకి కదలకుండా ఉండే ఖర్చుని మార్జిన్‌తో భాగించండి. పైన చెప్పిన ఉదాహరణలో ఖర్చు 11, మార్జిన్ 15 శాతం, కాబట్టి సుమారు 73 అమ్మితే లాభం లేదు నష్టం లేదు. అంతకంటే కిందకి దిగితే రోజూ చేతి డబ్బు పెట్టి నడపడమే. మీ ఇళ్ల కాగితాల్లో సగం ఆ గీత దాటకపోతే, అక్కడితో మానుకోండి. ఎవరికీ చెడ్డపేరు రాదు.

దాటితే మాత్రం ఆలస్యం చేయొద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనేది ఈ విషయంలో అక్షరాలా నిజం. కొట్టు నడుస్తూ ఉండగా చేతులు మారితే డిస్ట్రిబ్యూటర్ల ఖాతాలు బతికుంటాయి, లైసెన్సుల పని సులువవుతుంది, కొనేవాళ్ల కాళ్లకి అలవాటు పోదు. షట్టర్ దించి రెండు నెలలైతే అందరూ వేరే దారి చూసుకుంటారు, మళ్లీ తెరిచినా వాళ్లని తేవడం కొత్త కొట్టు పెట్టినంత కష్టం.

యజమానితో కూర్చున్నప్పుడు అమ్మకం ఎంత అని అడగొద్దు, కొనుగోలు బిల్లులు అడగండి. అమ్మకం అంకె నోటితో చెప్పొచ్చు, రెండేళ్ల కొనుగోలు బిల్లులు దాచి ఉంటే అసలు కథ అవే చెప్తాయి. ఏ నెల నుంచి ఆర్డర్లు పల్చబడ్డాయో కూడా వాటిలోనే కనిపిస్తుంది. స్టాకుకి అమ్మే ధర కట్టకండి, కొన్న ధర కట్టండి. ఎక్స్‌పైరీ దగ్గరపడినదానికి సగం, ఆరు నెలలుగా కదలనిదానికి సున్నా. ఫ్రిజ్‌నీ కాటానీ మెకానిక్‌కి చూపించాకే రేటు మాట్లాడండి. "పేరు"కి డబ్బు అడిగితే మర్యాదగా కాదనండి. చిన్న కొట్టులో పేరు ఆ మనిషితో పాటే వెళ్లిపోతుంది. కానీ ఆయన్ని రెండు మూడు వారాలు కౌంటర్ దగ్గర మీతో కూర్చోమని అడగండి, దానికి జీతం ఇవ్వండి. నా దృష్టిలో మీరు కొంటున్నవాటిలో అన్నిటికంటే విలువైనది అదే.

కలిసి నడిపే కొట్లు పగటికల ఏం కాదు. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్లూ ఇతర పనివాళ్లూ, మనిషికో పౌను చొప్పున కూడబెట్టి 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో ఒక కొట్టు తెరిచారు. మొదటిరోజు అమ్మకానికి పెట్టినవి వెన్న, పంచదార, పిండి, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు. అంతే. ప్రపంచంలో సహకార దుకాణాలన్నీ ఆ కొట్టునే తాతగా చెప్పుకుంటాయి. వాళ్ల నియమాల్లో రెండు నాకు బాగా నచ్చుతాయి. ఒకటి, అరువు లేదు. ముందే చెప్పేశారు కాబట్టి మొహమాటం లేదు. రెండోది ఇంకా తెలివైనది. లాభాన్ని పెట్టిన వాటాని బట్టి కాకుండా, ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచారు. సంచి నింపినవాడికే వాటా. కొట్టు మీద ప్రేమ ఉండి సరుకు బయట కొనేవాడికి ఏమీ రాదు. మీ వీధిలో వాళ్లు నిజంగా కొట్టు తీసుకుంటే ఈ నియమం కళ్లుమూసుకుని పెట్టుకోండి.

బ్రిటన్ పల్లెల్లో చివరి కొట్టు మూతపడుతుంటే ఊరివాళ్లే వాటాలు వేసుకుని తీసుకున్నవి ఇప్పుడు 300కు పైగా ఉన్నాయి. అవి మామూలు చిన్న వ్యాపారాల కంటే ఎక్కువకాలం నిలబడుతున్నాయి కూడా. కానీ దాని వెనక ఉన్నది చూడండి: కౌంటర్‌లో చాలాచోట్ల జీతం లేకుండా వంతులవారీగా నిలబడేవాళ్లు ఉంటారు. మీ దగ్గర మంగళవారం మధ్యాహ్నం రెండింటికి కౌంటర్‌లో ఎవరు కూర్చుంటారు? మీటింగ్‌లో ఈ ప్రశ్న ముందు వేయండి. మిగతా ఉత్సాహమంతా ఆ తర్వాత.

మూడో ప్రశ్న, పెద్దవాళ్లు. అసలు నష్టం ఇక్కడే, మిగతా మనందరిదీ చాలావరకు బెంగ. 2019లో అమెరికాలో ఆర్థికవేత్తలు కొందరు, దగ్గర్లో మంచి షాపు లేని పేటల్లో కొత్త సూపర్‌మార్కెట్ వస్తే జనం తిండి మారుతుందా అని లెక్కలు తీశారు. పెద్దగా మారలేదు. జనం అంతకుముందే బండేసుకుని దూరం వెళ్లి కొనుక్కుంటున్నారు, ఇప్పుడు దగ్గర్లో కొంటున్నారు, కొనేవి మాత్రం అవే. కాబట్టి బండి ఉన్నవాళ్లు, ఫోన్లో ఆర్డరు పెట్టగలిగినవాళ్లు ఓ నెలకి సర్దుకుంటారు. ఈ రెండూ లేనివాళ్ల పరిస్థితి వేరు. జపాన్‌లో వీళ్లకి ఒక పేరే ఉంది, కైమోనో నాన్‌మిన్, అంటే సరుకుల కోసం శరణార్థులైనవాళ్లు. కొట్టుకి 500 మీటర్ల అవతల ఉండి, కారు వాడుకోవడం కష్టమైన 65 ఏళ్లు దాటినవాళ్లు ఆ దేశంలో 2020 నాటికి సుమారు 90 లక్షలమందని అక్కడి వ్యవసాయ శాఖ అంచనా. 500 మీటర్లంటే మనకి ఒక లెక్కా? మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఐదు కిలోల సంచితో తిరిగొచ్చేటప్పుడు అది ఎంత దూరమో మీ అమ్మగారిని అడగండి.

అక్కడ 2012లో తొకుషిమా అనే చోట తొకుషిమారు అనే సంస్థ మొదలైంది. చిన్న ట్రక్కులో కొన్ని వందల రకాల సరుకు ఎక్కించుకుని, వారానికి రెండుసార్లు అవే గుమ్మాల ముందు ఆగుతారు. ప్రతి వస్తువు మీద షాపు ధర కంటే మొదట్లో 10 యెన్‌లు ఎక్కువ తీసుకునేవారు, అదీ దాచకుండా చెప్పి. పెద్దవాళ్లు ఇచ్చారు. ఇంటిముందుకి వచ్చి, చేత్తో పట్టుకుని చూసి ఎంచుకోనిచ్చినందుకు ఆ కాస్త ఎక్కువ వాళ్లకి బరువనిపించలేదు. మీకు కొట్టు నిలబెట్టే శక్తి లేకపోయినా ఇలాంటిది చిన్నగా చేయొచ్చు. ట్రక్కు అక్కర్లేదు. ఎవరో ఒకరు కారులో వారానికోసారి పెద్ద షాపుకి వెళ్తూనే ఉంటారు, ముందురోజు సాయంత్రం ఐదారు ఇళ్ల చీటీలు తీసుకుంటే సరిపోతుంది. పిల్లల చేత ఫోన్లో ఆర్డరు పెట్టించడం కూడా దారే కానీ, నేను దాన్ని రెండో దారి అంటాను. తన సరుకు తను ఎంచుకోవడం పోయాక మనిషి చాలా తొందరగా "ఏదో ఒకటి తెండి" అనడం మొదలుపెడతాడు.

ఇక ఈ మిగిలిన రోజుల గురించి, మీరు అడక్కపోయినా. నా చివరి వారంలో, రెండేళ్లుగా మొహం చూపించనివాళ్లు కూడా వచ్చారు. "అయ్యో, మూసేస్తున్నారా" అన్నారు, ఆ వెంటనే "ఏవైనా తగ్గించి ఇస్తున్నారా" అన్నారు. ఇల్లు కాలుతుంటే బొగ్గులు ఏరుకున్నట్టు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. మీరు మాత్రం ఆయన ఎంత చెప్తే అంత ఇవ్వండి. పద్దులో బాకీ ఉంటే ఈవేళే తీర్చండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. ఆయన అడగడు. మూతపడే కొట్టుకి బాకీ ఎగ్గొట్టేవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల పేర్లు ఆయనకి ముందే తెలుసు. ఎందుకు మూస్తున్నారని మాత్రం అడక్కండి, రోజుకి అరవైసార్లు అదే సమాధానం చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాని బదులు ఆ ఒక్కరిద్దరి కోసమే తెచ్చే సరుకుల లిస్టు రాయించుకోండి, ఏ కంపెనీ, ఏ సైజు, ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరుకుతుంది అన్నీ. మా మాస్టారికి నేను ఆ పని చేయలేదు. మిగిలిన ఏడు బిళ్లలూ ఇచ్చి పంపించాను, అవి అయిపోయాక ఎక్కడ అడగాలో రాసివ్వాలని తట్టలేదు.

ఆఖరి రాత్రి స్టాకు లెక్క ఉంటుంది. దానికి ఇద్దరు కావాలి, ఒకరు అరల దగ్గర లెక్కపెట్టి చెప్పాలి, ఒకరు రాయాలి. ఒక్కడే చేస్తే తెల్లారుతుంది. ఎనిమిదింటికి షట్టర్ సగం దించాక వెళ్లి, పెన్నూ పుస్తకమూ మీరే పట్టుకెళ్లి, రాసే పని మీరు తీసుకోండి.